'కమ్ అండ్ సీ' తర్వాత ఎలెమ్ క్లిమోవ్ ఎందుకు సినిమా తీయలేదు? లరీసాతో కలిపి చూడండి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 'కమ్ అండ్ సీ' లాంటి యుద్ధ సినిమా 1985లో తీసిన సోవియెట్ దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్, 2003 దాకా బతికి ఉండి కూడా మరో సినిమా ఎందుకు తీయలేదు? భార్య లరీసా షెపిత్కో కూడా దర్శకురాలేనట, ఆమె మరణమే ఆయన్ని కుంగదీసిందా?

ఫిల్మ్ సొసైటీల్లో సోవియెట్ సినిమాలు వేయడం, అయ్యాక చర్చ నడపడం చాలా ఏళ్లుగా నా పని. ఈ ప్రశ్నలు దాదాపు ప్రతి ప్రదర్శన తర్వాతా వస్తాయి. సాధారణంగా వినిపించే జవాబు ఏమిటంటే, భార్య పోయిన బాధ, దానికి తోడు ప్రభుత్వంలోని పైవాళ్ల వేధింపులు, అందుకే మానేశాడు అని. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ జవాబు నిలబడదు. లరీసా చనిపోయింది 1979లో. ఆయన రెండు పెద్ద సినిమాలు, ఒక చిన్న సినిమా పూర్తి చేసింది ఆ తర్వాతే. పైవాళ్ల పట్టు సడలింది 1986లో. ఆయన సినిమాలు ఆగిపోయిందీ సరిగ్గా అప్పుడే. బాధ ఉన్నప్పుడు పనిచేశాడు, స్వేచ్ఛ వచ్చాక మానేశాడు. ఇద్దరి జీవితాన్నీ, ఇద్దరి సినిమాలనూ ఒకే వరసలో పెట్టుకుంటే తప్ప దీనికి జవాబు దొరకదని నా అభిప్రాయం.

క్లిమోవ్ 1933 జులైలో స్టాలిన్‌గ్రాడ్‌లో పుట్టాడు. ఆ ఊరి పేరు చెబితే చాలు, బాల్యం ఎలా గడిచిందో సగం తెలిసిపోతుంది. 1942లో యుద్ధం ఊరి మీదికి వచ్చేసరికి ఆయనకి తొమ్మిదేళ్లు. తల్లితో, చంటి తమ్ముడితో కలిసి వోల్గా దాటాడు. వెనక ఊరంతా మంటలు, చమురు పారి నది మీద కూడా మంటలు. అప్పుడు చూసిందంతా సినిమాలో పెట్టి ఉంటే తానే చూడలేకపోయేవాణ్ణని తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఆ చంటి తమ్ముడు గెర్మన్ పెద్దయ్యాక రచయిత అయ్యాడు, అన్న సినిమాలకు స్క్రిప్టులో చెయ్యి వేశాడు. ఈ కుటుంబంలో పనీ బంధుత్వమూ మొదటినుంచీ కలిసే నడిచాయి.

ముందు మాస్కో ఏవియేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంజినీరింగ్ చదివి 1957లో బయటికొచ్చాడు. తర్వాత వి.జి.ఐ.కె. అనే ప్రభుత్వ సినిమా ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. లరీసా పరిచయమైంది అక్కడే.

ఆమె 1938లో ఉక్రెయిన్‌లోని అర్త్యోమొవ్‌స్క్‌లో పుట్టింది. ఇప్పుడు యుద్ధ వార్తల్లో మనం బఖ్‌ముత్ అని వింటున్న ఊరు అదే. తండ్రి కుటుంబాన్ని వదిలి వెళ్లిపోయాడు. టీచరు ఉద్యోగం చేసుకుంటూ తల్లి ఒక్కతే ముగ్గురు పిల్లల్ని పెంచింది. పదిహేడేళ్లకే, 1955లో, అదే ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకుడు అలెగ్జాండర్ దోవ్‌జెంకో దగ్గర దర్శకత్వం విద్యార్థినిగా చేరింది. దర్శకత్వం ఆడవాళ్ల పని కాదని బాహాటంగా అనే రోజులవి. దోవ్‌జెంకో మరుసటి ఏడాదే, 1956 నవంబరులో పోయాడు. ఆయన దగ్గర ఉన్నది కొద్ది కాలమే అయినా, ప్రతి సినిమానూ ఇదే ఆఖరిది అన్నట్టు తీయాలన్న ఆయన మాటను ఆమె జీవితాంతం పట్టుకుంది. ఆమె సినిమాలు చూస్తే అది ఉత్తి మాట కాదని తెలుస్తుంది.

డిప్లొమా సినిమా 'హీట్' కోసం ఆమె కిర్గిజియా మైదానాలకు వెళ్లింది. చింగిజ్ ఐత్మాతోవ్ కథ ఆధారం. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో సోవియెట్ పుస్తకాలు కొనుక్కున్న తరానికి ఐత్మాతోవ్‌ని పరిచయం చేయనక్కర్లేదు. అక్కడి ఎండకు ఫిల్మే కరిగిపోయేదట. ఆమెకు కామెర్లు వచ్చాయి. లేచి నిలబడలేని స్థితిలో స్ట్రెచర్ మీద పడుకుని షూటింగ్ నడిపింది. ఆ సినిమా పూర్తిచేయడంలో తోటి విద్యార్థి క్లిమోవ్ సాయం పట్టాడు. 1963లో పెళ్లి చేసుకున్నారు. అంటే వీళ్ల కాపురం మొదలైందే ఒకరి సినిమాను ఇంకొకరు పూర్తి చేయడంతో. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరమవుతుంది.

క్లిమోవ్ మొదట తీసింది హాస్యం. 'కమ్ అండ్ సీ' ఒక్కటే చూసినవాళ్లు ఇది నమ్మరు. 1964లో వచ్చిన 'వెల్‌కమ్, ఆర్ నో ట్రెస్‌పాసింగ్' పిల్లల వేసవి శిబిరం కథ. అనుమతి లేకుండా ఏరు ఈది దీవికి వెళ్లాడని ఒక పిల్లాణ్ణి ఇంటికి పంపించేస్తారు. ఇంటికి వెళితే బామ్మ గుండె ఆగిపోతుందేమోనన్న భయంతో వాడు తిరిగొచ్చి శిబిరంలోనే దాక్కుంటాడు. బామ్మ అంత్యక్రియలు ఎలా ఉంటాయో వాడు ఊహించుకునే సీన్ ఒకటుంది. అందులో బామ్మ ఫొటోని చూసి, ఇది సోవియెట్ అధినేత కృశ్చేవ్‌ని పాతిపెట్టడమేనని అధికారులు బెంబేలెత్తి సినిమాను ఆపేశారు. చివరికి కృశ్చేవ్ స్వయంగా చూసి, నవ్వుకుని, విడుదల చేయమన్నాడని చెబుతారు. నొప్పి తెలియకుండా పళ్లు పీకే ప్రతిభ ఉన్న ఒక డాక్టరు మీద తోటివాళ్ల అసూయ ఎలా పనిచేస్తుందో చూపించే సినిమా ఆ వెంటనే తీశాడు. దాన్ని లెక్కకు విడుదల చేశామనిపించి, అతి కొద్ది థియేటర్లలో వేసి తీసేశారు.

అక్కణ్ణుంచి 'అగొనీ' అనే ఊబిలో దిగాడు. జార్ చక్రవర్తి కొలువులో చక్రం తిప్పిన రస్పూతిన్ కథ. విప్లవానికి 50 ఏళ్లు నిండే 1967కి అనుకున్న సినిమా ఇది. మొదలుపెట్టడం, ఆపించడం, మళ్లీ రాయడం, మళ్లీ ఆపించడం. ఎట్టకేలకు 1970ల మధ్యలో పూర్తయితే, జార్‌ని జాలిపడేటట్టు చూపించారన్న అభ్యంతరంతో అటకెక్కించారు. విదేశాల్లో ముందు చూశారు, 1982లో వెనిస్ చిత్రోత్సవంలో విమర్శకుల బహుమతి కూడా వచ్చింది. సొంత దేశంలో జనం చూసింది మాత్రం 1985లో. ఒక దర్శకుడి ముప్ఫై, నలభై ఏళ్ల వయసు, అంటే బలంగా పనిచేయాల్సిన కాలం, ఈ ఒక్క సినిమాకే ఖర్చైపోయింది.

అదే కాలంలో ఆ ఇంట్లో ఇంకో దర్శకురాలు ఏం చేస్తోందో చూడండి. 1966లో లరీసా 'వింగ్స్' తీసింది. యుద్ధంలో విమానం నడిపి, శాంతికాలంలో స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా ఇమడలేక నలిగిపోయే ఒక నడివయసు స్త్రీ కథ అది. తీసినప్పుడు లరీసాకి ముప్ఫై కూడా లేవు, అయినా నలభై దాటిన మనిషి ఒంటరితనం అందులో అంత కచ్చితంగా ఉంటుంది. మాయా బుల్గాకొవా నటన కోసమైనా చూడండి. మరుసటి ఏడు అంద్రేయ్ ప్లతోనొవ్ కథ మీద తీసిన 'హోమ్‌ల్యాండ్ ఆఫ్ ఎలక్ట్రిసిటీ' అనే చిన్న సినిమాను నిషేధించారు. భార్య సినిమా ఒకటి, భర్త సినిమా ఒకటి బీరువాల్లో మగ్గుతున్న ఇల్లు అది.

1973లో కొడుకు అంతోన్ పుట్టాడు. ఆ గర్భంతో ఉండగా లరీసా పడిపోయింది, వెన్నెముకకు దెబ్బ తగిలింది. తల్లీబిడ్డా బతుకుతారో లేదో తెలియని స్థితిలో వారాల తరబడి ఆస్పత్రి మంచం మీద ఉంది. చావు గురించి, ఏ విలువ కోసం మనిషి ప్రాణం వదులుకోగలడన్న దాని గురించి తాను మొదటిసారి నిజంగా ఆలోచించింది అప్పుడేనని ఆమె చెప్పుకుంది. వసీల్ బీకవ్ రాసిన 'సోత్నికవ్' నవలను ఎంచుకోవడానికి కారణం అదే. ఆ నవలే 'ది అసెంట్' అయింది.

ఈ సినిమా దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే క్లిమోవ్ కథ కూడా ఇక్కడే మలుపు తిరుగుతుంది. బెలారూస్‌లో నాజీలు ఆక్రమించిన ప్రాంతం. ఇద్దరు గెరిల్లాలు తిండి వెతకడానికి మంచులో బయల్దేరి దొరికిపోతారు. ఒకడు ఉరికంబం ఎక్కుతాడు, ఇంకొకడు ప్రాణం కోసం శత్రువు కొలువులో చేరతాడు. మూరొమ్ పట్టణం దగ్గర మైనస్ 40 డిగ్రీల చలిలో తీశారు. నటుల కనుబొమల మీద కనిపించే మంచులో మేకప్ తక్కువ, నిజం ఎక్కువ. వెన్ను దెబ్బ పూర్తిగా మానని లరీసా ఆ చలిలో అందరితో పాటే నిలబడింది.

సినిమా చూసిన అధికారులకు ఇందులో యుద్ధం కంటే బైబిలే ఎక్కువ కనిపించింది. ఉరికెక్కేవాడు క్రీస్తులాగా, ద్రోహం చేసినవాడు యూదాలాగా ఉన్నారన్నారు. ఇది కూడా బీరువాలోకి పోవాల్సిందే. అప్పుడు క్లిమోవ్ పూనుకుని ఆ సినిమాను బెలారూస్ పార్టీ అధినేత ప్యోతర్ మాషెరవ్‌కి చూపించే ఏర్పాటు చేశాడు. మాషెరవ్ యుద్ధంలో స్వయంగా గెరిల్లా కమాండర్, ఆయన తల్లిని జర్మన్లు చంపేశారు. సినిమా నడుస్తుండగానే ఆయన ఏడ్చేశాడు. ఆ తర్వాత దాన్ని ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 1977లో బెర్లిన్ చిత్రోత్సవంలో మొదటి బహుమతి గోల్డెన్ బేర్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి స్త్రీలలో లరీసా ఒకరు.

ఆ 1977లోనే భర్త పరిస్థితి ఇంకోలా ఉంది. 'అగొనీ' అటక మీద ఉంది. రచయిత అలెస్ అదమోవిచ్‌తో కలిసి రాసిన కొత్త స్క్రిప్టు, షూటింగ్ మొదలుకాబోతుండగా సినిమా మంత్రిత్వ శాఖ లాంటి గోస్‌కినో ఆపేసింది. దాని పేరు 'కిల్ హిట్లర్'. మనం చూసే 'కమ్ అండ్ సీ' అదే. అదమోవిచ్ కుర్రవయసులో గెరిల్లాగా పోరాడినవాడు. తర్వాత ఇంకో ఇద్దరు రచయితలతో కలిసి ఊరూరా తిరిగి, తగలబెట్టిన పల్లెల్లో బతికి బయటపడ్డవాళ్ల మాటలు రికార్డు చేశాడు. సినిమా చివర వచ్చే లెక్క, జనంతో సహా కాలిపోయిన 628 బెలారూస్ పల్లెలు, ఆ ప్రపంచానిదే. ఒకే ఇంట్లో ఒకే ఏడాది ఒకరికి ప్రపంచ ఖ్యాతి, ఇంకొకరికి నిషేధం. ఇలాంటప్పుడు కాపురాల్లో అసూయ చిచ్చు పెట్టడం మామూలే. ఇక్కడ భార్య సినిమా బయటికి రావడానికి తిరిగింది భర్త. అందుకే ఆ మనిషంటే నాకు గౌరవం.

ఇక 1979. లరీసా రచయిత వలెంతీన్ రస్పూతిన్ (జార్ కొలువులోని రస్పూతిన్ కాదు) నవల ఆధారంగా 'మత్యోరా' మొదలుపెట్టింది. సైబీరియాలో అంగారా నది మీద ఆనకట్ట కడుతుంటే మునిగిపోబోయే దీవి, దాని మీద ఊరు, కదలనని మొండికేసే ముసలమ్మ దర్యా. శ్రీశైలం, పోలవరం ముంపు ఊళ్ల కథలు విన్న తెలుగువాళ్లకు ఈ సినిమా ఇట్టే అర్థమవుతుంది. షూటింగ్ మొదలైన కొద్ది రోజులకే, జులై 2న, కలీనిన్ పట్టణానికి దగ్గరలో ఆమె కారు లారీని గుద్దుకుంది. లరీసా, కెమెరామన్ వ్లదీమిర్ చుఖ్‌నొవ్, ఆర్ట్ డైరెక్టర్ యూరీ ఫొమెంకో, మరికొందరు అక్కడికక్కడే పోయారు. ఆమెకి 41 ఏళ్లు. కొడుక్కి ఆరు.

క్లిమోవ్ ఆ సినిమాను తన మీద వేసుకున్నాడు. 'ఫేర్‌వెల్' పేరుతో పూర్తిచేశాడు. 1980లో 'లరీసా' అని ఒక చిన్న సినిమా కూడా చేశాడు. ఆమె ఫొటోలు, ఆమె గొంతు, ఆమెతో పనిచేసినవాళ్ల మాటలు, ఆమె సినిమాల ముక్కలు, అంతే. అరగంట కూడా ఉండదు. భార్య గురించి భర్త తీసిన సినిమా అనగానే మనం ఊహించే కన్నీళ్లు అందులో ఉండవు. ఆమె ఎంత గట్టి పనిమంతురాలో చెప్పడానికే ఆయన ఆ సమయమంతా వాడాడు.

'ఫేర్‌వెల్' గురించి నా మాట సూటిగా చెబుతాను. అది పూర్తిగా నిండిన సినిమా కాదు. లరీసా మెత్తగా, లోపలి నుంచి పట్టుకునే చోట క్లిమోవ్ బరువుగా, బయటి నుంచి కొడతాడు. అయినా తగలబెట్టబోయే ఇంటిని దర్యా కడిగి శుభ్రం చేసే సీన్లు, గొడ్డలికీ మంటకీ లొంగని ఆ పెద్ద చెట్టు, ఎవరూ మర్చిపోలేరు. స్తెఫానియా స్తన్యూతా మొహం చూస్తూ కూర్చోవచ్చు. ఇది కూడా జనంలోకి వెళ్లడానికి ఆలస్యమైంది.

తర్వాత అనుమతి వచ్చి, ఎప్పుడో ఆగిపోయిన 'కిల్ హిట్లర్'ని పేరు మార్చి తీశాడు. కొత్త పేరు బైబిల్‌లోని ప్రకటన గ్రంథం నుంచి. ప్రధాన పాత్రకు నటుడు కాని అలెక్సేయ్ క్రావ్‌చెంకో అనే కుర్రాణ్ణి తీసుకున్నాడు. షూటింగ్ నెలల తరబడి, కథ నడిచే వరసలోనే చేశారు. ఆ పిల్లాడి మొహం ముసలి మొహంగా మారడం మన కళ్ల ముందే జరిగేది అందుకే. సోవియెట్ థియేటర్లలోనే దాదాపు 2 కోట్ల 90 లక్షల మంది చూశారు. 1985లో మాస్కో చిత్రోత్సవంలో మొదటి బహుమతి వచ్చింది.

'ది అసెంట్' చివర్లో ఉరికంబం దగ్గర నిలబడ్డ సోత్నికవ్, జనంలో ఏడుస్తున్న ఒక పిల్లాడి కళ్లలోకి చూస్తాడు. సినిమా బరువంతా ఆ చూపులో ఉంది. 'కమ్ అండ్ సీ' మొత్తం అలాంటి పిల్లాడి మొహం మీదే నడుస్తుంది. అదే బెలారూస్, అదే యుద్ధం. ఆమె సినిమా ఒక మనిషి చావుని అర్థవంతం చేస్తే, ఆయన సినిమా అర్థమే మిగలని చోటికి తీసుకెళుతుంది. చివర పిల్లాడు హిట్లర్ ఫొటో మీద తూటాలు పేలుస్తుంటే కాలం వెనక్కి నడిచి, తల్లి ఒళ్లో పసివాడిగా హిట్లర్ కనిపించేసరికి వాడి చెయ్యి ఆగిపోతుంది. ఆ ఆగడంలో నాకు లరీసా కనిపిస్తుంది. ఇది నేను అర్థం చేసుకున్న తీరు మాత్రమే, క్లిమోవ్ ఎక్కడా ఇలా చెప్పలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి. లరీసా పోయాక ఆయన ఏం పూర్తి చేశాడు? ఆమె వదిలి వెళ్లిన సినిమా ఒకటి, ఆమె మీద సినిమా ఒకటి, ఆమె బతికుండగా మొదలై ఆగిన సినిమా ఒకటి. అంటే 1979 తర్వాత పుట్టిన ఆలోచనతో ఆయన చేతి నుంచి ఒక్క సినిమా కూడా బయటికి రాలేదు. 'కమ్ అండ్ సీ' తర్వాత ఆగిపోయాడని మనం అంటున్నాం కానీ, కొత్తవి మొదలుపెట్టడం అంతకు ఆరేళ్ల ముందే ఆగింది. ఆ ఆరేళ్లూ బాకీలు తీర్చాడు. పెళ్లి నాటి నుంచీ అలవాటైన పనే చేశాడు.

మిగతా కారణాలూ ఉన్నాయి, కాదనను. 1986 మేలో సినిమా కార్మికుల సంఘం మహాసభలో పాత నాయకత్వాన్ని ఓడించి ఈయన్ని ప్రథమ కార్యదర్శిగా ఎన్నుకున్నారు. నిషేధించిన సినిమాలను ఒక్కొక్కటిగా బయటికి తేవడానికి ఒక కమిషన్ వేశారు. దర్శకురాలు కీరా మురాతొవా సినిమాలకు విముక్తి దొరికింది ఆ గాలిలోనే. లరీసా 'హోమ్‌ల్యాండ్ ఆఫ్ ఎలక్ట్రిసిటీ' కూడా 20 ఏళ్ల తర్వాత, 1987లో వెలుగు చూసింది. ఇతరుల సినిమాల కోసం పరిగెత్తే ఉద్యోగంలో సొంత పనికి తీరిక దొరకదు. రెండేళ్లలో ఆ పదవి నుంచి తప్పుకున్నాడు. బుల్గాకోవ్ నవల 'మాస్టర్ అండ్ మార్గరీటా' తీయాలని తమ్ముడు గెర్మన్‌తో కలిసి స్క్రిప్టు రాసుకున్నాడు, అది పట్టాలెక్కలేదు. చివరి ఇంటర్వ్యూల్లో, సినిమా తీయాలన్న ఆసక్తే పోయిందని, చేయగలిగిందంతా చేసేశానని చెప్పాడు. ఈ మాటను ఓటమిగా చదివేవాళ్లున్నారు. నేను ఆ మాటను ఉన్నది ఉన్నట్టే తీసుకుంటాను. 2003 అక్టోబరు 26న మాస్కోలో పోయాడు.

చూడాలనుకుంటే మోస్‌ఫిల్మ్ స్టూడియో వాళ్ల యూట్యూబ్ చానెల్లో వీటిలో చాలావరకు సబ్‌టైటిల్స్‌తో దొరుకుతాయి. 2017లో 'కమ్ అండ్ సీ'ని బాగుచేసిన ప్రింటుకు వెనిస్‌లో బహుమతి వచ్చింది, వీలైతే ఆ ప్రింటే చూడండి. నేను చెప్పే వరస ఇది: ముందు వేసవి శిబిరం సినిమా, తర్వాత 'వింగ్స్', 'ది అసెంట్', ఆపైన 'లరీసా', 'ఫేర్‌వెల్' వెంటవెంటనే. 'కమ్ అండ్ సీ' చివర పెట్టుకోండి, పగటిపూట చూడండి, ఇంట్లో పిల్లలుంటే వాళ్లు లేనప్పుడు వేసుకోండి. మొదటిది మాత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే చూడొచ్చు, బాగా నవ్వుతారు.